రంగుల చెక్క నెట్సుకే: సంతకం కాదు, అరిగిన చోటు చూడండి

పదకొండేళ్లుగా పాత జపాన్ నెట్సుకేలు సేకరిస్తున్నాను, అందులోనూ చెక్కతో చేసి రంగులు వేసినవే. నా దగ్గరున్నవి చూసినవాళ్లు ముందు "సంతకం ఉందా?" అంటారు, ఆ వెంటనే "అయ్యో, రంగంతా పోయిందే" అంటారు. ఈ రెండు మాటల వెనకున్న అపోహల వల్ల డబ్బు పోవడం ఒక ఎత్తు, రెండువందల ఏళ్లు నిలిచిన వస్తువు మన చేతుల్లో పాడైపోవడం ఇంకో ఎత్తు.

కొత్తవాళ్ల కోసం ఒక్కమాట. కిమోనోకి జేబులుండవు. మన తాతలు పొగాకు రొంటిన దోపుకున్నట్టు, ఎడో కాలంలో (1603–1868) జపాన్ మగవాళ్లు పొగాకు సంచినీ, ఇన్రో అనే చిన్న మందుల డబ్బానీ తాడుకి కట్టి నడుముపట్టీకి, అంటే ఒబికి, వేలాడదీసుకునేవారు. తాడు జారిపోకుండా పైచివర కట్టే చిన్న బొమ్మే నెట్సుకే.

అపోహ: సంతకం ఉంటేనే అసలుది

రంగుల చెక్క విషయంలో ఇది దాదాపు తలకిందులు. ఈ తరహాలో అందరికంటే పెద్ద పేరు యోషిమురా షూజాన్‌ది. 18వ శతాబ్దంలో ఒసాకాలో ఉన్న కానో సంప్రదాయపు చిత్రకారుడు ఆయన, హినోకి (జపాన్ సైప్రస్) చెక్కలో చైనా పురాణాల వింత జీవుల్నీ సిద్ధపురుషుల్నీ చెక్కి రంగులు వేశాడు, కానీ వాటిమీద సంతకం పెట్టలేదు. 1781లో ఇనాబా త్సూర్యూ ఒసాకాలోనే తెచ్చిన 'సోకెన్ కిషో' అసలు కత్తుల అలంకరణ గురించిన పుస్తకం, అందులోనే యాభైమందికి పైగా నెట్సుకే శిల్పుల గురించి రాసి, షూజాన్ నమూనాల బొమ్మలు కూడా అచ్చువేశారు. అంటే నమూనా అందరికీ దొరికినట్టే. తర్వాతి తరాలవాళ్లు అదే పద్ధతిలో చాలా చేశారు, కొన్నిటి మీద ఆ పేరే చెక్కి ఉంటుంది. కాబట్టి "షూజాన్ సంతకం ఉన్న 18వ శతాబ్దపు నెట్సుకే" అని ఎవరైనా అమ్మకానికి పెడితే, అది ఆ షూజాన్‌ది కాదని చెప్పేది ఆ సంతకమే. అలాంటివి బాగుండవని కాదు, వాటిలో చాలా అందమైనవి ఉన్నాయి, కానీ వాటి ధర వాటికే ఉండాలి.

అపోహ: రంగు పోతే విలువ పోయినట్టే

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. కొండపల్లి బొమ్మకి రంగు వేసే ముందు తెల్లగా సున్నం పూత పూస్తారు కదా, జపాన్‌లో ఆ పని గోఫున్ చేస్తుంది. గోఫున్ అంటే ఆల్చిప్పల పొడి, దాన్ని నికావా అనే జంతువుల జిగురుతో కలిపి పూస్తారు, ఆపైన రంగులు. రోజూ నడుము దగ్గర ఒరుసుకునే వస్తువు మీద ఈ పూత అరగకుండా ఎలా ఉంటుంది? అరగాలి. ఎక్కడ అరిగిందన్నదే చూడాలి. ఒబికి ఆనుకునే వెనకవైపు, ముక్కు, భుజాలు, మోకాళ్లు చెక్క కనబడేదాకా అరుగుతాయి, బట్టల మడతల్లో, జుట్టు పాయల మధ్య రంగు నిలుస్తుంది. హిమోటోషి, అంటే తాడు దూరే రంధ్రాలు, తాడు లాగిన వైపు నున్నబడతాయి. అన్నివైపులా ఒకేలా అరిగితే నాకు అనుమానమే, పదిరెట్ల లెన్సు పెడితే తరచుగా ఇసుక కాగితం గీతలు కనబడతాయి.

నాలుగేళ్ల కిందట ఒక వేలంలో షోజో నెట్సుకే కొన్నాను. షోజో అంటే జపాన్ సంప్రదాయ 'నో' నాటకాల్లో వచ్చే ఎర్రజుట్టు పాత్ర, దానికి సాకే అనే బియ్యపు మద్యమంటే ప్రాణం. వివరాల్లో "అసలు రంగు" అని రాశారు. ఇంటికొచ్చాక లెన్సు కింద చూస్తే ఎరుపు చెక్క పగుళ్ల లోపలికి దిగి ఉంది. పగులు తర్వాత వస్తే రంగు కూడా దాంతోపాటే చీలాలి, రంగు పగుల్లోకి కారిందంటే పగిలాక పూసిందే. వెనక్కి పంపేశాను. కానీ ఆ కొత్త ఎరుపు కింద పాత రంగు ఎంత మిగిలిందో, ఇక దాన్ని ఎవరు బయటికి తీస్తారో అన్న ఆలోచన ఇప్పటికీ వదల్లేదు.

అపోహ: తడిగుడ్డతో తుడిస్తే శుభ్రపడుతుంది

నికావా నీళ్లకి కరుగుతుంది. తకాసాగో అనే నో నాటకంలోని ముసలి దంపతుల్లో ఉబా అనే అవ్వ బొమ్మ ఒకటి నా దగ్గరుంది, కొన్న మొదటి వారంలో తడి దూదితో ఒక్కసారి ఒత్తాను. కుడిచెంప తెలుపు దూదికి వచ్చేసింది. నూనె కూడా వద్దు. రంగులేని గట్టిచెక్కకి కొందరు కమీలియా నూనె రాస్తారు, రంగు పూత మీద అది మురికిని పట్టి ఉంచుతుంది. మెత్తటి పొడి కుంచె చాలు.

అపోహ: మొరటుగా ఉంది, నేర్చుకునేవాళ్లు చెక్కింది

జపాన్‌లోని నారా ఊరి చెక్కబొమ్మలు చూసి అనే మాట ఇది. ఆ పద్ధతి పేరు ఇట్టోబోరి, అంటే 'ఒక్క కత్తి చెక్కుడు', కత్తి కోసిన పలకల్ని నున్నగా తీయకుండా కావాలనే అలా ఉంచి రంగులు వేస్తారు. ఒకే కత్తితో చెక్కారని కాదు, ఒకే వేటుకి కోసినట్టు కనబడాలని. నారాలోని కసుగా వాకమియా గుడి ఉత్సవంలో వాడే అలంకారాల నుంచి ఈ బొమ్మలు వచ్చాయంటారు. వీటిని గొప్ప స్థాయికి తెచ్చిన మోరికావా తోయెన్ (1820–1894) స్వయంగా క్యోగెన్ (నో నాటకాలతో పాటు ఆడే హాస్య నాటకం) నటుడు కూడా, అందుకే ఆయన నో బొమ్మల్లో నిలబడే తీరు అంత నిజంగా ఉంటుంది. పలకల మీద ఒక్కో రంగు ఎక్కడ ఆగిందో చూడండి, అది చేయితిరిగినవాళ్లకే వస్తుంది.

అపోహ: రెండు రంధ్రాలుంటే నెట్సుకే

కాదు. అలమరలో పెట్టుకునే బొమ్మని ఒకిమోనో అంటారు, దానికి తర్వాత రంధ్రాలు పెట్టి నెట్సుకే అని అమ్ముతారు, నారా బొమ్మలతో ఇది ఇంకా తేలిక. నిజమైన నెట్సుకేలో ఒబికి తగులుకునేలా పొడుచుకొచ్చిన కొసలుండవు, తాడు కట్టి వేలాడదీస్తే ముఖం బయటికే తిరుగుతుంది.

ఇక దంతంతో చేసినవే గొప్పవన్న మాట. చెక్కలో చేసిన గొప్ప పనిని చూడనివాళ్లే అలా అంటారు. పైగా దంతం కొనడం, దేశాలు దాటించడం చట్టాలతో ముడిపడిన వ్యవహారం, ఆ టెన్షన్ నాకు వద్దు.

హైదరాబాద్‌లో వేసవి ఏసీ పొడి గాలి నుంచి ఒక్కసారిగా వానాకాలపు తేమలోకి వెళ్తే చెక్క కదులుతుంది, పూత రేకులుగా లేస్తుంది. నావి మూతున్న చెక్కపెట్టెల్లో, గోడవైపు కాకుండా గది మధ్య అలమరలో ఉంటాయి, దీపం కింద పెట్టను. కొనేముందు మాత్రం అమ్మేవాళ్లని మూడు ఫొటోలు అడగండి: వెనకవైపు, అడుగుభాగం, రంధ్రాల దగ్గర నుంచి తీసింది. ముఖం ఫొటో ఎలాగూ వాళ్లే పంపిస్తారు.