పేలిన నక్షత్రం మీద తొంభై ఏళ్ల అనుమానం

బెంగళూరు నుంచి చిత్తూరు, తిరుపతి బస్సెక్కే మనవాళ్లకు హోస్కోటె అంటే ట్రాఫిక్ జామే గుర్తొస్తుంది. లద్దాఖ్‌లోని హాన్లేలో ఉన్న చంద్రా టెలిస్కోపును ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ నడిపేది ఆ ఊరి నుంచే. అదే హాన్లేలో, 4,000 మీటర్లు దాటిన ఎత్తున, గామా కిరణాల (అత్యధిక శక్తి ఉన్న కాంతి) కోసం 2008లో ఏడు టెలిస్కోపుల ‘హగార్’ వెలిసింది. ఆ వేట వెనకున్న ప్రశ్న మాత్రం చాలా పాతది.

1912లో భౌతిక శాస్త్రవేత్త విక్టర్ హెస్ బెలూన్‌లో 5 కిలోమీటర్లు దాటి పైకెళ్లాడు. ఎత్తుకెళ్లేకొద్దీ రేడియేషన్ తగ్గాల్సింది పోయి పెరిగింది. అంటే అది నేలలోంచి కాదు, పైనుంచి వస్తోంది. ఈ కాస్మిక్ కిరణాల్లో ఎక్కువ భాగం ప్రోటాన్లే. మరి వాటిని అంత వేగంతో విసురుతున్నదెవరు? పేలిపోయే నక్షత్రాలేనని 1934లో ఖగోళ శాస్త్రవేత్తలు బాడే, జ్విక్కీ అన్నారు. 1939లో సెలవులకొచ్చి, యుద్ధం వల్ల ఇక్కడే ఆగిపోయిన హోమీ భాభా, బెంగళూరు ఐఐఎస్సీలో చేరి ఈ కిరణాల మీదే పరిశోధన విభాగం పెట్టాడు.

అనుమానం సరే, రుజువేది? ప్రోటాన్‌కు విద్యుదావేశం ఉంటుంది కాబట్టి గెలాక్సీ అయస్కాంత క్షేత్రాల్లో దాని దారి వంకర్లు తిరుగుతుంది. మన దాకా వచ్చేసరికి దాని సొంతూరేదో తెలియదు. ప్రోటాన్లు వేగం పుంజుకునే చోట పుట్టే గామా కిరణానికి ఆవేశం లేదు కాబట్టి, అది అక్కడి నుంచి తిన్నగా వస్తుంది. అందుకే అందరూ దాని వెంట పడ్డారు.

పేలుడు తరంగాన్ని అటూ ఇటూ దాటినప్పుడల్లా కణం కాస్త కాస్తగా శక్తి పుంజుకుంటుందని 1977-78ల్లో కొందరు విడివిడిగా లెక్కగట్టారు. 2004లో, హెస్ పేరే పెట్టుకున్న నమీబియా టెలిస్కోపులు ఒక సూపర్‌నోవా (పేలిన నక్షత్రం) శిథిలం గామా కిరణాల్లో చిప్పలా వెలగడాన్ని చూపించాయి. అసలు పేచీ అక్కడే మొదలైంది. ఎలక్ట్రాన్లు కూడా మామూలు కాంతిని గుద్ది గామా కిరణాలుగా మార్చగలవు. మరి చూసింది ప్రోటాన్ల పనా, ఎలక్ట్రాన్ల పనా?

ప్రోటాన్లు వాయువును ఢీకొంటే పయాన్లనే క్షణికమైన కణాలు పుడతాయి, వాటిలో కొన్ని గామా కిరణాలుగా విడిపోతాయి. అలా వచ్చిన కాంతి సుమారు 200 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తిని కొలిచే ప్రమాణం) కింద బాగా పడిపోతుంది. ఐసీ 443, డబ్ల్యూ 44 శిథిలాల్లో 2013లో ఫెర్మి ఉపగ్రహం పట్టుకున్నది ఈ గుర్తునే. నా లెక్కలో ఈ కథలో గట్టి సాక్ష్యం ఇదొక్కటే.

అయితే అది సగం కేసే. కాస్మిక్ కిరణాలు ఇంకా లక్షల రెట్లు ఎక్కువ శక్తితోనూ వస్తున్నాయి. శిథిలాలు కణాలను అంత శక్తి దాకా తోయగలవా అన్నది తేలలేదు. హాన్లేలో 2024లో ప్రారంభమైన 21 మీటర్ల ‘మేస్’ టెలిస్కోపు మీద ఆశలు పెట్టుకోవచ్చు గానీ, దాని బలం గామా కిరణాల్లో తక్కువ శక్తి వైపే. పై అంచు సంగతి తేల్చాల్సింది చైనాలోని ‘లాసో’ లాంటి విశాలమైన డిటెక్టర్లే.