చెప్పిన మనిషి మళ్లీ కనబడాలి

ప్రియమైన పిల్లలకు,

ప్రభువు నామంలో వందనాలు. "అమ్మమ్మా, మేం ఇంతమందికి సువార్త చెబుతున్నాం. ఎవరూ వినడం లేదు, కొందరు తిడుతున్నారు కూడా. అసలు దీనివల్ల ఎవరికైనా మేలు జరుగుతోందా?" అని యూత్ మీటింగ్ అయ్యాక మీలో ఇద్దరు నన్ను అడిగారు. నిలబడి రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదని ఈ ఉత్తరం రాస్తున్నాను. అడిగింది ఇద్దరే అయినా అందరూ చదవండి.

నా నమ్మకం ముందే చెప్పేస్తాను. మేలు జరుగుతుంది. కాకపోతే, చెప్పిన మనిషి రేపు కూడా దొరికేలా ఉన్నప్పుడే ఎక్కువగా జరుగుతుంది. విన్నవాళ్లకు రెండు రోజులు పోయాక ఒక అనుమానం వస్తుంది. అది అడగడానికి మనిషి కావాలి. ఆ మనిషి ఇంట్లో ఎలా ఉంటాడో, డబ్బు దగ్గర ఎలా ఉంటాడో చూడటానికి కూడా వీలుండాలి. ఇది నేను పుస్తకం చూసి చెబుతున్న మాట కాదు. మన ఒంగోలు సంఘం పుట్టిన తీరే ఇది. మీలో చాలామందికి ఆ కథ పైపైనే తెలుసు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

అమెరికా బాప్టిస్టుల తరఫున శామ్యూల్ డే దొరగారు 1836లో తెలుగువాళ్ల మధ్యకు వచ్చారు. 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. సంతల్లో చెప్పారు, తిరునాళ్లలో చెప్పారు, పుస్తకాలు పంచారు. ఏళ్లు గడిచినా నమ్మినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఖర్చు దండగ, ఈ మిషన్ మూసేద్దామని అమెరికాలో పెద్దలు ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ ఆలోచించారు. మిషన్ల పటంలో ఈ పక్కన నెల్లూరు ఒక్కటే చుక్కలాగా ఉండేదట. అందుకే 1853లో దీనికి 'లోన్ స్టార్', అంటే ఒంటరి నక్షత్రం, అన్న పేరు పడింది. ఆ మరుసటి ఏడు, 1854 జనవరి ఒకటిన తెల్లవారుజామున, నెల్లూరు మిషనరీ జూయెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు మన ఊరి కొండెక్కి ప్రార్థన చేశారు. మొత్తం ఐదుగురు. మనం ఇప్పుడు ప్రార్థన కొండ అంటున్నది దాన్నే. ఆ తర్వాత కూడా ఒంగోలుకు మిషనరీ వచ్చి కాపురం ఉండటానికి పన్నెండేళ్లు పట్టింది.

మీ ప్రశ్న ఆ రోజుల్లో ఎవరైనా వేసి ఉంటే, ప్రయోజనం లేదనే జవాబు వచ్చేది. అందుకని కనబడే ఫలితాన్ని బట్టి తొందరపడి తీర్పు చెప్పకండి. ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి. "విత్తడం మన వంతు, పండించడం దేవుని వంతు" అని మన కూడికల్లో తరచుగా అంటుంటారు. నిజమే. కానీ ఎలా పడితే అలా మాట్లాడి, ఎదుటివాళ్లను నొప్పించి, చివరికి ఆ మాట చాటున దాక్కోవడం నాకు నచ్చదు. ఫలితం దేవునిదే అయినా, మన మాట తీరుకు జవాబుదారీ మనమే.

ఇప్పుడు ఎర్రగుంట్ల పేరయ్య గారి సంగతి. ఆయనది ఒంగోలుకు చాలా దూరంగా ఉన్న తాళ్లకొండపాడు. మాదిగ కులంలో పుట్టారు, తోళ్ల వ్యాపారం చేసేవారు. చిన్న వయసు నుంచే దేవుణ్ణి వెతికే మనిషి. గురువుల దగ్గర చేరి యోగం నేర్చుకున్నారు, దాన్ని నిష్ఠగా సాధన చేశారు. తోళ్ల వ్యాపారం మీద ఉత్తరంగా ఏలూరు వైపు వెళ్లినప్పుడు అక్కడ క్రైస్తవుడైన బంధువు ఒకరు ఆయనకు యేసు గురించి చెప్పారు. చూడండి, ఆయనకు మొదట చెప్పింది చుట్టం. పేరయ్య గారు ఇంటికొచ్చి భార్య నాగమ్మ గారికి చెప్పారు. తర్వాత ఏలూరులో ఉన్న మిషనరీని వెతుక్కుంటూ వెళితే, త్వరలో మీకు దగ్గరలోనే ఒంగోలుకు ఒక దొర వస్తారని ఆయన చెప్పి పంపారు. ఈయన ఆ కబురు కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. వ్యాపారానికి తిరిగే ఊళ్లలో తనకు తెలిసినంత చెబుతూనే ఉన్నారు.

1866లో జూయెట్ గారు పేరయ్య, నాగమ్మ దంపతులకు బాప్తిస్మం ఇచ్చారు. చదువురాని మనిషికి దేవుని సంగతి ఇంత లోతుగా ఎలా తెలిసిందని ఆయన ఆశ్చర్యపోయారట. అదే ఏడాది జాన్ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చి స్థిరపడ్డారు. 1867 జనవరిలో తాళ్లకొండపాడు వెళ్లి చింతతోపులో మకాం వేశారు. చుట్టుపక్కల ఊళ్ల జనం నాలుగు రోజులు ఉండి వినడానికి తిండి మూటలు కట్టుకుని మరీ వచ్చారు. అప్పుడు 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లను అక్కడికి రప్పించింది దొరగారి ప్రసంగం కాదు. ఆయన ఊళ్లోకి అడుగుపెట్టకముందే ఆ పని జరిగిపోయింది. పేరయ్య గారితో వాళ్లకు ఏళ్ల తరబడి ఇచ్చిపుచ్చుకోవడాలున్నాయి. బేరంలో ఆయన మాట మీద నిలబడతారా లేదా, కోపమొస్తే ఏం చేస్తారు, అన్నీ తెలుసు. అలాంటి మనిషి చెప్పాడు కాబట్టి విన్నారు.

నమ్మినందుకు వాళ్లు కష్టాలు కూడా పడ్డారు. జాతరల్లో డప్పు కొట్టబోమని, చచ్చిన పశువు మాంసం తినబోమని, ఆదివారం వెట్టికి రాబోమని చెప్పారు. ఊరి పెద్దలకు కోపం వచ్చి పనులు మాన్పించారు. అయినా ఆ కుటుంబాలు చెదిరిపోలేదంటే, కష్టమొచ్చిన రోజున పక్కన కూర్చుని ప్రార్థన చేసే పేరయ్య గారి లాంటివాళ్లు ఉన్నారు కాబట్టి.

తర్వాత ధాత కరువు వచ్చింది, 1876 నుంచి 1878 దాకా. జనం పిట్టల్లా రాలిపోయిన రోజులవి. ప్రభుత్వం కూలి దొరకాలని బకింగ్‌హాం కాలువ తవ్వించింది. క్లౌ గారికి సర్వే పని తెలుసు. అందుకని మూడున్నర మైళ్ల కాలువ కాంట్రాక్టు తీసుకుని, సంఘంలోని బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. క్రైస్తవులకూ కానివాళ్లకూ ఒకే కూలి. మట్టి మోసి అలసిపోయి కూర్చున్న జనం మధ్య ఆ బోధకులూ కూర్చునేవాళ్లు. "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి" అన్న వచనాన్నే ఆ జనం మళ్లీ మళ్లీ చెప్పించుకునేవారట. నెత్తిన మట్టి తట్ట దించి కూర్చున్న మనిషికి ఆ మాట ఎలా వినబడి ఉంటుందో ఆలోచించండి. అదే ఎండలో నిలబడ్డ మనిషి నోట్లోంచి వచ్చింది కాబట్టి అది మనసుకు తగిలింది.

తర్వాత జరిగింది మీరు తప్పక గుర్తుంచుకోవాలి. కరువు సమయంలో బాప్తిస్మం ఇవ్వమని వేలమంది అడిగారు. క్లౌ గారు ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. ఆకలితో ఉన్న మనిషి దేనికైనా సరేనంటాడు, ఆ మాటను విశ్వాసం కింద జమ వేసుకోకూడదని ఆగారు. కరువు పనులు ఆగిపోయి, ఇక ఇవ్వడానికి కూలి లేని రోజున, 1878 జూన్‌లో, జనం గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లికి వచ్చి చేరారు. మాకు సాయం వద్దు, బాప్తిస్మం ఇవ్వండి అని చేతుల మీది బొబ్బలు చూపించారట. పనిచేసి బతకగలం అని చెప్పడానికి అవే వాళ్లకు సాక్ష్యం. జులై 3వ తేదీ ఒక్క రోజున 2,222 మందికి ఏట్లో బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు వేసుకుని ఇచ్చారు. ఆ ఏడాది చివరికి ఆ సంఖ్య తొమ్మిది వేలు దాటింది.

వాళ్లంతా తిండి కోసం వచ్చారని మిమ్మల్ని ఎవరైనా ఎగతాళి చేస్తే కోపం తెచ్చుకోకండి. ఆకలి లేదని చెప్పడం అబద్ధమవుతుంది. ఆకలి ఉంది, అందుకే ఆ పెద్దమనిషి ఆగాడని చెప్పండి. నన్నడిగితే మన చరిత్రలో 2,222 అన్న లెక్క కన్నా ఆయన ఆగిన ఆ నెలలే ఎక్కువ గొప్పవి. అందుకే ఆసుపత్రి వార్డులో సెలైన్ ఎక్కుతున్న మనిషి మంచం పక్కన నిలబడి, నమ్ముతావా అని అడగడం నాకు ఎంతమాత్రం ఇష్టం ఉండదు. ప్రార్థన చేయమంటే చేయండి. రాత్రికి తోడు ఎవరూ లేకపోతే ఉండండి. మాటలు డిశ్చార్జి అయ్యాక మాట్లాడుకోవచ్చు.

అలాగని ముఖపరిచయం లేనివాళ్ల మాట ఎప్పుడూ పనిచేయదని అనడం లేదు. పురుషోత్తమ చౌదరి గారు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, శాస్త్రాలు చదివినవారు. ఆయన మనసు యేసు వైపు తిరగడానికి ఒక చిన్న క్రైస్తవ కరపత్రం కారణమైంది. 1833లో కటక్‌లో బాప్తిస్మం తీసుకున్నారు. మనం ఆదివారం పాడుకునే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఆయన రాసినవి ఎన్ని ఉన్నాయో పుస్తకం తీసి చూడండి. ఎక్కడో ఒక చెయ్యి ఇచ్చిన కాగితం వల్ల ఇంతటి మేలు జరిగింది. అయితే ఆ కాగితం దగ్గరే ఆయన ప్రయాణం ఆగలేదు. మనుషులను వెతుక్కుంటూ కటక్ దాకా వెళ్లారు. అక్కడ ఆదరించేవాళ్లు ఉన్నారు.

దోర్నకల్ బిషప్ అజరయ్య గారి సంగతి కూడా క్లుప్తంగా చెబుతాను. 1912లో అభిషేకం పొందారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. బాప్తిస్మం తీసుకునేవాళ్ల చేత తల మీద చెయ్యి పెట్టించి, "నేను బాప్తిస్మం పొందినవాణ్ణి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ" అని చెప్పించేవారు. అంటే చెప్పడం పాస్టర్ల పని మాత్రమే కాదు, కూలికి వెళ్లే ప్రతి విశ్వాసి పని కూడా. తర్వాత ఆ ప్రాంతంలో రైతు కులాల వాళ్లు కూడా విశ్వాసంలోకి వచ్చారు. ఎందుకొచ్చారని అడిగితే, మా పొలాల్లో పనిచేసే మాల మాదిగల బతుకులు మారడం కళ్లారా చూశామన్నారు. తాగుడు మానడం, పిల్లల్ని బడికి పంపడం, మాట నిలుపుకోవడం. కామందుకు ప్రసంగం చెప్పే ధైర్యం ఆ కూలీలకు ఉండి ఉండదు. అయినా సువార్త అందింది.

వాదనల విషయానికొస్తే, ఎదుటివాళ్ల దేవుళ్లను కించపరిచి ఒక్కరిని కూడా ప్రభువు దగ్గరికి తీసుకురాలేరు. పేతురు గారు తన పత్రికలో, మీ నిరీక్షణకు కారణం అడిగేవాళ్లకు "సాత్వికముతోను భయముతోను" జవాబు చెప్పమని రాశారు. నిందలు పడుతున్న సంఘానికి రాసిన మాట అది. మిమ్మల్ని తిట్టారని చెప్పారు కదా, మీరు ముందు ఏమన్నారో కూడా ఒకసారి గుర్తు చేసుకోండి. మన మతం గురించి చెప్పుకునే హక్కు రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చింది. ఆ హక్కులో ఇంకొకరిని మార్చే హక్కు లేదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు మీద వాదించేవాళ్లు వాదించుకోనివ్వండి. మనసు మార్చేది పరిశుద్ధాత్మ అని మనమే రోజూ చెప్పుకుంటాం కాబట్టి, మనకు ఆ విషయంలో టెన్షన్ అక్కర్లేదు.

ఒక బరువైన విషయం మిగిలింది. మీరు చెప్పింది విని ఒక దళిత స్నేహితుడు నమ్మి బాప్తిస్మం తీసుకున్నాడనుకోండి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, సిక్కులు, బౌద్ధులకే ఎస్సీ హోదా ఉంటుంది. అతను బీసీ-సీ, అంటే వెనుకబడిన తరగతుల్లో సి గ్రూపు, కిందికి వస్తాడు. దానికి మన రాష్ట్రంలో ఉన్నది ఒక్క శాతం రిజర్వేషన్. అతని సీటు, ఉద్యోగం, ఇంట్లో తమ్ముళ్ల చదువు, అన్నీ ఆ నిర్ణయంతో ముడిపడి ఉంటాయి. ఈ రూలు అన్యాయమని నా అభిప్రాయం. అది మారే దాకా ఆ భారం మోసేది అతనే. అతనికి ఈ సంగతి ముందే, మీ నోటితోనే చెప్పండి. దాచిపెట్టి చెప్పిన సువార్తను నేను సువార్త అనను. చెప్పాక ఫీజు కట్టలేని నెల వస్తే మీరంతా కలిసి కట్టడానికి సిద్ధంగా ఉండండి. సంఘం అంటే నాకు తెలిసిన అర్థం అదే.

వేసవిలో పంచడానికి మీరు తయారు చేస్తున్న కరపత్రం ప్రూఫు పాస్టర్ గారు నాకు చూపించారు. వచనాలు బాగున్నాయి. రెండో పేజీలో ఇతర మతాల గురించి రాసిన పేరా మొత్తం తీసేయండి, ఆ చోట పేరయ్య గారి కథ నాలుగు వాక్యాల్లో రాయండి. కాగితంలో ఎక్కడా ఒక మనిషి పేరు గానీ, ఫోన్ నంబరు గానీ లేవు. చర్చి చిరునామా, ఆరాధన వేళలు, ఒక నంబరు తప్పకుండా వేయండి. సాయంత్రం పూట ఫోన్ ఎవరు ఎత్తాలో మీలో మీరు వంతులు వేసుకోండి. పగలు నేను ఇంట్లోనే ఉంటాను కాబట్టి నా నంబరు వేయండి. ఎవరైనా వచ్చి మాట్లాడతామంటే మా ఇంటికే పంపండి.

ప్రేమతో,
మీ అమ్మమ్మ