బురదలో చిక్కిన ప్లాస్టిక్

మన ఇళ్ల నుంచి వెళ్లే మురుగునీటిని శుభ్రం చేసే పని ఎక్కువగా బ్యాక్టీరియాదే. మురుగులోకి గాలి ఊదాక అడుగున చేరిన బురదను పారేయకుండా మళ్లీ మళ్లీ వాడితే, వారాలు పట్టే శుద్ధి గంటల్లో అయిపోతుందని 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ చూపించారు. ఆ బురద నిండా ఉండేది సూక్ష్మజీవులే. పెద్ద నగరాల్లో ఇప్పటికీ చాలాచోట్ల నడిచేది ఆ పద్ధతే.

ఆ శుద్ధి ట్యాంకుల్లోకి ఇప్పుడు మైక్రోప్లాస్టిక్, అంటే 5 మిల్లీమీటర్ల కంటే చిన్న ప్లాస్టిక్ ముక్కలు వచ్చి చేరుతున్నాయి. వీటిలో బట్టల నుంచి రాలేవి చాలా ఎక్కువ. 6 కిలోల అక్రిలిక్ బట్టలను మెషిన్‌లో ఒక్కసారి ఉతికితే 7 లక్షలకు పైగా పోగులు ఊడతాయని ప్లిమత్ యూనివర్సిటీ పరిశోధకులు 2016లో అంచనా వేశారు.

అదే ఏడాది గ్లాస్గో దగ్గర క్లైడ్ నది ఒడ్డున, సుమారు ఆరున్నర లక్షల మంది మురుగును శుద్ధి చేసే కేంద్రం లెక్కలూ బయటికొచ్చాయి. ఆ కేంద్రం 98 శాతం పైగా ముక్కలను పట్టేస్తోంది. మిగిలినవే రోజుకు 6.5 కోట్లు నదిలోకి పోతున్నాయి. అందరి దృష్టీ ఆ నదిలోకి పోయేవాటి మీదే. మరి ఆ 98 శాతం ఎక్కడున్నట్టు? పైన తేలే గ్రీజుతో కొంత పోగా, చాలావరకు బురదలోనే, బ్యాక్టీరియా పక్కనే.

బ్యాక్టీరియా తమ ఒంటి నుంచి జిగురు వదిలి గుత్తులుగా అతుక్కుంటాయి. గుత్తి బరువుగా ఉంటేనే బురద కిందికి దిగి, పైన తేటనీరు మిగులుతుంది. ప్లాస్టిక్ కూడా ఆ జిగురుకే అంటుకుంటుంది. ముక్క మరీ చిన్నదై నానో స్థాయికి, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు కంటే కిందికి దిగితే కణం పొరనే తాకుతుంది. అప్పుడు కణంలో దానికి హాని చేసే చురుకైన ఆక్సిజన్ రూపాలు పెరిగి ఎంజైములు దెబ్బతింటాయని ప్రయోగాల్లో తేలింది. అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే జాతులతోనే ఎక్కువ టెన్షన్. అవి అసలే మెల్లగా పెరుగుతాయి, ఒకసారి తగ్గితే కోలుకోవడానికి చాలా రోజులు పడుతుంది.

ఆక్సిజన్ లేకుండా బురదను కుళ్లబెట్టి, ఇంధనంగా పనికొచ్చే మీథేన్ వాయువును తీసే చోట కథ ఇంకా ఆసక్తికరం. హైదరాబాద్ అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల సామర్థ్యంతో కట్టిన కేంద్రంలోనూ తొలి దశలో పనిచేసేవి ఇలా ఆక్సిజన్ లేకుండా బతికే జీవులే. ల్యాబ్ ప్రయోగాల్లో పీవీసీ ముక్కల నుంచి బిస్ఫినాల్-ఎ అనే రసాయనం కారి మీథేన్ తగ్గింది. నైలాన్-6 నుంచి కారిన కాప్రోలాక్టమ్ (ఆ నైలాన్ తయారీకి వాడే రసాయనం) వల్ల మాత్రం మీథేన్ పెరిగింది! ప్లాస్టిక్ మంచిదా చెడ్డదా అనేకంటే, ఏ ప్లాస్టిక్, అందులో ఏం కలిపారు అని అడగాలి.

ఇలాంటి ఫలితాలు చదివేటప్పుడు నేను ముందు మోతాదు చూస్తాను. ఎన్నో ప్రయోగాల్లో వేసే ప్లాస్టిక్ అసలు మురుగులో ఉండేదానికన్నా చాలా ఎక్కువ. పైగా అవి కొత్తగా కొన్న నున్నటి గుండ్రటి పూసలు. నిజం మురుగులో ఉండేవి ఎండకీ రాపిడికీ పాతబడిన పోగులు, పెచ్చులు. కాబట్టి శుద్ధి కేంద్రాలు రేపే ఆగిపోతాయని భయపడక్కర్లేదు.

బురద సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోలేం. చాలా దేశాల్లో దాన్ని ఎరువుగా పొలాలకు వేస్తారు, దాంతో నీళ్లలో పట్టుకున్న ప్లాస్టిక్ మట్టిలోకి చేరుతుంది. పోగులను వాషింగ్ మెషిన్ దగ్గరే ఆపాలని, 2025 నుంచి కొత్త మెషిన్లకు ఫిల్టర్ ఉండాలని ఫ్రాన్స్ 2020లో చట్టం చేసింది. ఆ ఫిల్టర్‌ను సింకులో కడిగితే మాత్రం పోగులన్నీ మళ్లీ డ్రైనేజీలోకే.