తాతమ్మ పుట్టిన సంవత్సరం

చిన్నోడికీ, బుజ్జమ్మకీ తాతయ్య ఆశీస్సులు.

మీరు గీసి పంపిన వంశవృక్షం ఫొటో చూశాను. బొమ్మ బాగా కుదిరింది, చెట్టుకు వేర్లు కూడా గీశారు. ఒక్కచోట మాత్రం ఆగిపోయాను. తాతమ్మ పేరు కింద 1936 అని రాశారు. ఆధార్ కార్డు చూసి రాశారని మీ అమ్మ చెప్పింది. కార్డులో అలాగే ఉంది, 01-01-1936 అని. కానీ ఆ లెక్కన 1942లో మా పెద్దక్క పుట్టేనాటికి మా అమ్మకు ఆరేళ్లు!

2011లో కార్డులు తీసిన కుర్రాడు "వయసెంత మామ్మా?" అని అడిగితే "ఉంటయ్ నాయనా, డెబ్బయ్యో ఎనభయ్యో" అంది. పాపం, అతను మధ్యేమార్గంగా డెబ్బై అయిదు వేసుకున్నాడు. తేదీ తెలియకపోతే కంప్యూటరు జనవరి ఒకటి వేసేస్తుంది. మన వీధిలో ముసలివాళ్లు సగంమంది ఆ రోజు పుట్టినవాళ్లే.

మా అమ్మ ఏ సంవత్సరాన్నీ అంకెల్లో చెప్పి ఎరగదు. "రుధిరోద్గారిలో పుట్టాను, కంది పూత మీదున్నప్పుడు" అనేది. తెలుగు సంవత్సరాల పేర్లు అరవై. ప్రభవతో మొదలై అక్షయ దాకా వెళ్లి మళ్లీ ప్రభవకే వస్తాయి. అంటే ఒకే పేరు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుంది. 1983 ఉగాది నాడు రామాలయం దగ్గర పంతులుగారు పంచాంగం తెరిచి రుధిరోద్గారి అనగానే, "నా సంవత్సరం తిరిగొచ్చిందిరా" అని నా భుజం మీద చరిచింది. అరవై వెనక్కి వెళ్తే 1923. మన వైపు కంది పూసేది కార్తీక మార్గశిరాల్లో, అంటే ఆ ఏడు చలికాలం మొదట్లో పుట్టిందన్నమాట.

దీనికి ఇంకో సాక్ష్యం కూడా ఉంది. అది తాతమ్మ పళ్లు.

"నా పెళ్లినాటికి నాకు ముందు పళ్లు రెండూ లేవు. అరిసె కొరకలేక ఏడిస్తే మా అత్త చిదిమి నోట్లో పెట్టింది" అని ఎన్నిసార్లు చెప్పిందో. పాలపళ్లు ఊడేది ఆరేడేళ్లకు. మరి అంత పసిపిల్లకు పెళ్లేమిటని మీరు అడుగుతారు. అడగాలి కూడా. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చేయకూడదని 1929లో శారదా చట్టం చేశారు. అది 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వస్తుందని తెలిసి, ఆలోపే కానిచ్చేద్దామని పెద్దవాళ్లు తొందరపడ్డారు. ఆ మాఘ ఫాల్గుణాల్లో మన ఊళ్లో ఒకే పందిట్లో నాలుగు పెళ్లిళ్లు చేశారట, మా అమ్మదీ అందులోనే. తర్వాత కూడా కొందరు గోదావరి జిల్లాల నుంచి యానాం వెళ్లి చేసుకునేవారు. అది ఫ్రెంచివాళ్లది, ఈ చట్టం అక్కడ చెల్లదు. అందుకే యానానికి కల్యాణపురం అని పేరొచ్చింది. ఆ తొందర మంచిదని నేననను. మా అమ్మ కూడా అనలేదు. మా అక్కచెల్లెళ్ల పెళ్లిళ్ల మాట వచ్చినప్పుడల్లా "పళ్లన్నీ రానీయండి ముందు" అనేది, వాళ్లకు పద్దెనిమిదేళ్లు వచ్చాక కూడా!

కాబట్టి 1923 ఖాయం. 2022 ఫిబ్రవరిలో పోయింది కనుక 98 నిండి 99 నడుస్తోంది. ఊళ్లో నూరేళ్లంటారు, ఆ మిగిలిన ఒక్కటీ ఊరు కలిపింది. ఇంకో రెండు నెలలుంటే, ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాను కూడా చూసేది. ఆ ఇల్లు కదలకుండానే మద్రాసు రాష్ట్రంలోనూ, ఆంధ్రలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ కాపురం చేసింది.

ఇక మీ చెట్టులో రెండో తప్పు. దానికి మా కళ్లం దాకా రావాలి.

నా చిన్నప్పుడు మన పొలాల్లో జొన్న, వరిగ, కంది. వరన్నం పండక్కే. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ నీళ్లు వదిలారు. కుడి కాలువ కింద మెట్ట మాగాణి అయ్యాక మా కళ్లంలో వడ్లరాశి పడింది. అమ్మ రాశి ముందు గొంతుక్కూర్చుని మానికతో కొలిచేది. పైన పోగైన గింజల్ని అరచేత్తో రాసి రాశిలోకే తోసేసి, "లాభం" అని మొదటిది పోసేది. ఒకటి అనకూడదు. తర్వాత రెండు, మూడు... ఆరు, "ఆరున్నొక్కటి", ఎనిమిది. ఏడు అంటే ఏడవడమని, ధాన్యం ముందు ఆ మాట రాకూడదని. నయాపైసలు 1957లోనే వచ్చినా ఆవిడ అణాల్లోనే లెక్కేసేది గానీ, ఆ లెక్కలో ఎప్పుడూ తప్పు రాలేదు.

అదే 2011, ఫిబ్రవరిలో జనాభా లెక్కలకని ఒక టీచరమ్మ వచ్చింది. ఆ కాగితంలో ఒక ప్రశ్న ఉంటుంది, మొత్తం ఎంతమందిని కన్నారు, ఇప్పుడు ఎంతమంది ఉన్నారు అని. నేను పక్కనే కూర్చుని అయిదుగురు అని చెప్పబోయాను.

"ఆరున్నొక్కరు" అంది అమ్మ. "ఉన్నది అయిదుగురు."

టీచరమ్మకు అర్థంకాక ఆరు అని రాసింది. నేను దిద్దించాను. నాకప్పటికి అరవై ఏళ్లు. నాకు ఇంకో ఇద్దరు తోబుట్టువులున్నారని ఆ రోజే తెలిసింది. టీచరమ్మ వెళ్లాక అడిగితే వత్తులు చేసుకుంటూ చెప్పింది. అక్క తర్వాత తారణలో, అంటే 1944లో, ఒక మగపిల్లవాడు. వాడికి మూడో ఏట అమ్మవారు పోసింది. నా తర్వాత ఒక ఆడపిల్ల పుట్టి తొమ్మిదో రోజున పోయింది. పేరు పెట్టనే లేదు. చెబుతూ చెబుతూ చేతిలో వత్తి తెగితే ఇంకో దూది తీసుకుంది.

తాతమ్మ కింద మీరు కొమ్మలు అయిదు గీశారు. స్కూల్లో ఇచ్చేలోపు ఇంకో రెండు గీయండి. మా అక్కకూ నాకూ మధ్యన ఒకటి, వాడి పేరు మా తాత పేరే, ఫోన్లో చెబుతాను. నా పక్కన ఒకటి. దాని దగ్గర పేరేమీ రాయకండి, ఆకు మాత్రం గీయండి.

మీ తాతయ్య