వృద్ధుల సంస్థల్లో బోర్డు కుర్చీ: ఈ తగాదా మూలం 1974 తీర్పులో ఉంది

వృద్ధుల కోసం నడిచే స్వచ్ఛంద సంస్థల బోర్డుల్లో ఎవరు కూర్చోవాలన్న తగాదా మళ్ళీ రాజుకుంది. ఆ సంస్థల్లో ఉంటున్న పెద్దవాళ్ళు, వాళ్ళ తరఫు బంధువులు తమకూ ఓటున్న కుర్చీ ఒకటి కావాలంటున్నారు. ఏళ్ళ తరబడి పైసా తీసుకోకుండా పనిచేస్తున్న బోర్డు సభ్యులకు ఇది అవమానంగా తోస్తోంది. "మేమేం తిన్నామని?" అన్నది వాళ్ళ ప్రశ్న.

దానధర్మాల చట్టాలు 1601 నాటి ఇంగ్లండు నుంచి ఎలా వచ్చాయి, వృద్ధాశ్రమాలు ఎలా పుట్టాయి అన్నవి చాలామంది చాలాసార్లు రాసినవే. వాటి జోలికి పోవడం లేదు. "మేమేం తిన్నామని?" అన్న మాటకు మాత్రం యాభై ఏళ్ళ కిందటే ఒక కోర్టు జవాబు చెప్పింది. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే ఆ కేసు దగ్గర కాసేపు ఆగాలి. అది వృద్ధుల సంస్థ కేసు కాదు, ఒక ఆసుపత్రిది. అయినా లాభాపేక్ష లేని సంస్థల బోర్డుల గురించి ఎవరు మాట్లాడినా చివరికి దాని దగ్గరికే వస్తారు.

వాషింగ్టన్‌లోని సిబ్లీ మెమోరియల్ ఆసుపత్రిని అప్పట్లో నడిపింది మెథడిస్టు మహిళలు స్థాపించిన ఒక సంస్థ. 1960లో దాని నిబంధనలు తిరగరాశారు. పాతిక నుంచి ముప్పై అయిదు మంది దాకా ధర్మకర్తలు, ఏడాదికి కనీసం రెండు సమావేశాలు, కార్యనిర్వాహక కమిటీ, ఆర్థిక కమిటీ, పెట్టుబడుల కమిటీ. కాగితం మీద వంక పెట్టడానికేమీ లేదు. ఆర్థిక కమిటీ, పెట్టుబడుల కమిటీ మాత్రం 1971 దాకా ఒక్కసారి కూడా కూర్చోలేదు. పదకొండేళ్ళు! కమిటీల్లో పేర్లున్నాయి, ఆ పేర్ల వెనక పలుకుబడి ఉంది, బ్యాంకింగ్ తెలిసినవాళ్ళూ ఉన్నారు. సమావేశం అన్నది లేదు.

అన్నాళ్ళూ ఆసుపత్రి డబ్బు వ్యవహారం నడిపింది ఇద్దరే, అడ్మినిస్ట్రేటరు, కోశాధికారి. వాళ్ళు తెచ్చినదానికి బోర్డు తలూపేది. అడ్మినిస్ట్రేటరు 1968లో చనిపోయాక కూడా కోశాధికారి మాటే చెల్లింది. 1972లో ఆయన కూడా పోయాక గానీ ధర్మకర్తలు లెక్కల మీద నిజమైన అజమాయిషీకి దిగలేదు. అప్పటికి ఆసుపత్రి సొమ్ములో పెద్ద మొత్తాలు వడ్డీ రాని ఖాతాల్లో, తక్కువ వడ్డీ ఖాతాల్లో పడి ఉన్నాయి. ఆ ఖాతాలున్న బ్యాంకుల్లో కొందరు ధర్మకర్తలకు పదవులున్నాయి.

కేసు ఎవరు వేశారన్నది ఇవాళ్టి గొడవలో ఎవరూ గుర్తు చేయని విషయం. ప్రభుత్వం వేయలేదు, దాతలూ వేయలేదు. ఆసుపత్రిలో వైద్యం చేయించుకుని బిల్లులు కట్టిన రోగులు వేశారు. బోర్డు చూసుకోకపోతే భారం పడేది తమ మీదే కాబట్టి.

జడ్జి గెర్హార్డ్ గెసెల్ 1974లో తీర్పు చెప్పారు. కుట్ర జరిగిందన్న ఆరోపణను కొట్టేశారు. ధర్మకర్తలు కలిసి కూర్చుని ఆసుపత్రిని దోచుకోవాలని పథకం వేసుకున్నారనడానికి ఆధారం లేదన్నారు. కేసు అక్కడితో అయిపోలేదు. ఒక కమిటీలో పేరున్న మనిషి ఆ కమిటీ పని పట్టించుకోకపోవడమే బాధ్యతను ఉల్లంఘించడమని ఆయన తేల్చారు. పని ఇంకొకరికి అప్పజెప్పవచ్చు, వాళ్ళేం చేస్తున్నారో చూడటం మాత్రం మానకూడదు. తనకు సంబంధమున్న వ్యాపారంతో సంస్థ లావాదేవీ పెట్టుకుంటుంటే ఆ సంబంధం సంగతి చెప్పాలి, ఓటింగుకు దూరంగా ఉండాలి.

శిక్ష చూస్తే చాలా మెత్తనిది. ఎవరినీ పదవి నుంచి తీయలేదు, ఎవరి జేబులోంచీ డబ్బు కట్టించలేదు. డిపాజిట్లు, పెట్టుబడుల మీద రాతపూర్వకమైన విధానం పెట్టుకోమన్నారు, దాన్ని బోర్డు ఎప్పటికప్పుడు సరిచూడాలన్నారు, ఆర్థిక సంస్థలతో తమకున్న సంబంధాలను ధర్మకర్తలు వెల్లడించాలన్నారు. కొత్తగా బోర్డులోకి వచ్చేవాళ్ళు ఈ తీర్పును చదివి తీరాలన్నారు. పైగా ధర్మకర్తల్ని ట్రస్టు చట్టంలోని కఠినమైన కొలమానంతో కాకుండా కంపెనీ డైరెక్టర్లను కొలిచే కాస్త సడలింపు ఉన్న కొలమానంతోనే కొలిచారు. తీర్పు పేరెత్తితేనే భయపడే బోర్డులు ఈ భాగం చదివినట్టు కనిపించదు.

ఆసుపత్రికంటే వృద్ధుల సంస్థలకు ఈ తీర్పు ఎక్కువ వర్తిస్తుందనడానికి కారణం ఉంది. ఆసుపత్రికి వచ్చిన రోగి నయమయ్యాక ఇంటికి వెళ్ళిపోతాడు, బయటినుంచి కేసు వేయగలడు. వృద్ధుల వసతిలో ఉన్న మనిషి రేపు పొద్దున కూడా అదే భోజనాల గదిలో, అదే సిబ్బంది మధ్య కూర్చోవాలి. ఫిర్యాదు చేస్తే ఏమవుతుందోనన్న టెన్షన్ వాళ్ళకు ఎప్పుడూ ఉంటుంది. మంచం దిగలేని వాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. అక్కడ ఎవరూ ఫిర్యాదు చేయలేదంటే అంతా బాగుందని అర్థం కాదు.

ఇలాంటి సంస్థ బోర్డు ఎజెండా ఎలా ఉంటుందో చూడండి. గత సమావేశం మినిట్స్ ఆమోదం. ఆదాయ వ్యయాల నివేదిక. కొత్త బ్లాకు నిర్మాణం, దానికి ఎవరి పేరు పెట్టాలి. వార్షికోత్సవం. ఆ తర్వాత "అధ్యక్షుల అనుమతితో ఇతర అంశాలు". ఆ చివరి వరుస దగ్గరికి వచ్చేసరికి సగం మంది వాచీ చూసుకుంటూ ఉంటారు. మూడు నెలల్లో ఎంతమంది పడిపోయారు, ఎంతమందికి పడకపుండ్లు వచ్చాయి, రాత్రి డ్యూటీలో ఒక్కో మనిషికి ఎంతమంది పెద్దవాళ్ళను అప్పగిస్తున్నారు, ఏడాదిలో ఎంతమంది ఆయాలు మానేసి వెళ్ళిపోయారు, ఎన్ని ఫిర్యాదులు వచ్చి ఎన్ని తేలాయి? ఇవేవీ ఎజెండాలో ఉండవు. సిబ్లీలో డబ్బు లెక్క చూడలేదు. ఇక్కడ డబ్బు లెక్క ఆడిటర్ పుణ్యమా అని చూస్తున్నారు, మనిషి లెక్క చూడటం లేదు. రెండూ ఒకే జబ్బు.

సంబంధాలు వెల్లడించాలన్న రెండో సూత్రానికి వృద్ధుల సంస్థల చరిత్రలోనే పెద్ద ఉదాహరణ ఉంది. దానికోసం 1958కి వెనక్కి వెళ్ళాలి. వయసు మీరినవాళ్ళకు ఆరోగ్య బీమా దొరకని రోజులవి. అమెరికా ప్రభుత్వపు మెడికేర్ 1965లో గానీ రాలేదు. ఎథెల్ పెర్సీ ఆండ్రస్ అనే రిటైర్డ్ హైస్కూలు ప్రిన్సిపాల్ అప్పటికే 1947లో రిటైరైన టీచర్ల సంఘం పెట్టారు. లెనార్డ్ డేవిస్ అనే బీమా ఏజెంటు ఆ టీచర్లకు గ్రూపు బీమా కుదిర్చిపెట్టాడు. ఆ తోడ్పాటుతోనే 1958లో ఏఏఆర్‌పీ అనే రిటైరైనవాళ్ళ సంఘం పుట్టింది. 1963లో డేవిస్ కలోనియల్ పెన్ అనే సొంత బీమా కంపెనీ పెట్టాడు. ఏఏఆర్‌పీ సభ్యులే దాని ఖాతాదార్లు. సంఘం పెరిగినకొద్దీ కంపెనీ పెరిగింది.

డేవిస్ లేకపోతే ఆ పెద్దవాళ్ళకు ఆ రోజుల్లో బీమానే దొరికేది కాదనే వాదన ఉంది, అందులో నిజం లేకపోలేదు. కానీ 1963 తర్వాత బోర్డు ముందున్న ప్రశ్న వేరు. మన సభ్యులకు ఇంతకంటే మంచి పాలసీ ఇంకెక్కడైనా దొరుకుతుందా? ఆ ప్రశ్న గట్టిగా వినిపించింది బోర్డు గదిలో కాదు, 1978లో ఒక టీవీ పరిశోధనా కార్యక్రమంలో. ఆ తర్వాతే సంఘం వేరే కంపెనీల నుంచి బిడ్లు పిలిచింది, ఆరోగ్య బీమా ప్రుడెన్షియల్‌కు వెళ్ళింది.

ఇదంతా పాత కథ, ఇప్పుడు విధానాలు మారాయి అనేవాళ్ళకు 2016 ఫిబ్రవరి సంగతి చెప్పాలి. బ్రిటన్‌లో వృద్ధుల కోసం పనిచేసే అతి పెద్ద సంస్థల్లో ఒకటైన ఏజ్ యూకే, ఈ.ఆన్ అనే విద్యుత్తు, గ్యాస్ కంపెనీతో కలిసి తన పేరు మీద ఒక టారిఫ్ (కరెంటు, గ్యాస్ ధరల పథకం) అమ్మేది. అదే కంపెనీ దగ్గర అంతకంటే చవకైన టారిఫ్ ఉండగా దీన్ని పెద్దవాళ్ళకు అంటగడుతున్నారని, అందుకు సంస్థకు కమీషన్ ముడుతోందని ఒక దినపత్రిక రాసింది. ఏజ్ యూకే ఆ ఆరోపణలను గట్టిగా ఖండించింది. రేటు రెండేళ్ళపాటు మారదన్న భరోసా ఉందని చెప్పింది. అయినా ఒప్పందాన్ని నిలిపేయాల్సి వచ్చింది, స్వచ్ఛంద సంస్థల మీద అజమాయిషీ చేసే ఛారిటీ కమిషన్ రంగంలోకి దిగింది. ఒప్పందం చేసుకున్నది సంస్థకు అనుబంధంగా ఉన్న వ్యాపార విభాగం. చట్టపరంగా అది వేరే సంస్థే, కానీ బిల్లు మీద పెద్దవాళ్ళకు కనిపించి నమ్మకం కలిగించింది ఏజ్ యూకే పేరు. పత్రికలో రాకముందే ఆ టారిఫ్ కట్టే మనిషి ఒకరు బోర్డులో కూర్చుని ఉంటే ఈ లెక్క ఎవరు ముందు అడిగేవారో ఊహించుకోవచ్చు.

మధ్యలో నిబంధనలు చాలానే వచ్చాయి. అమెరికాలో 1996లో లాభాపేక్ష లేని సంస్థల నుంచి అనుచితంగా లబ్ధి పొందే లోపలివాళ్ళ మీద పన్ను వేసే చట్టం వచ్చింది. 2008 నుంచి ఆ సంస్థలు ఏటా పన్నుల శాఖకు దాఖలు చేసే 990 ఫారంలో పాలన మీదే ఒక భాగం చేరింది. బోర్డులో స్వతంత్ర సభ్యులు ఎంతమంది, పరస్పర విరుద్ధ ప్రయోజనాల మీద రాతపూర్వక విధానం ఉందా, తప్పు బయటపెట్టేవాళ్ళకు రక్షణ ఉందా లాంటి ప్రశ్నలకు జవాబులు రాయాలి. ఆ ఫారం ఎవరైనా తీసి చూడవచ్చు. మంచిదే. కానీ ఉందా అంటే ఉంది అని టిక్కు పెట్టే పద్ధతి 1960 నాటి సిబ్లీ నిబంధనలను గుర్తు చేస్తుంది. కాగితం మీద కమిటీలు అప్పుడూ ఉన్నాయి.

కుర్చీ విషయంలో కదలిక దీనికంటే నెమ్మది. 1965 నాటి వృద్ధ అమెరికన్ల చట్టాన్ని 1973లో సవరించి వృద్ధుల సేవలు చూసే ప్రాంతీయ ఏజెన్సీలు ఏర్పాటు చేశారు. వాటికి సలహా మండలి ఉండాలి, అందులో సగానికి మించి పెద్దవయసు వాళ్ళే ఉండాలి అన్నది నిబంధన. మంచి నిబంధనే, కానీ అది సలహా మండలి. డబ్బు మీద నిర్ణయం మరోచోట జరుగుతుంది.

ఒక అడుగు ముందుకు పడింది శాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనాటౌన్ ప్రాంతంలో 1971లో మొదలైన ఆన్ లాక్ సంస్థ నుంచి పుట్టిన పద్ధతిలో. నర్సింగ్ హోముకు పంపకుండా పెద్దవాళ్ళకు ఇంటి దగ్గర ఉంటూనే వైద్యం, సంరక్షణ అందించే ఆ పద్ధతికి 'పేస్' అని పేరు. 1997లో అది మెడికేర్‌లో శాశ్వత భాగమైంది. పేస్ నడిపే సంస్థలకు సేవలు పొందేవాళ్ళ సలహా కమిటీ ఉండాలి. దానికి తోడు పాలక బోర్డులోనే వాళ్ళ ప్రతినిధి ఒకరు ఉండి, ఆ కమిటీ లేవనెత్తిన విషయాలను బోర్డు ముందు పెట్టాలి. దానివల్ల ఏ సంస్థా మూతపడిపోలేదు. కాలిఫోర్నియాలో జీవితాంతం ఉండేలా ఒప్పందం రాసుకునే రిటైర్మెంట్ వసతుల విషయంలో చట్టం ఇంకా మెల్లగా నడిచింది. మొదట నివాసి ప్రతినిధిని ఓటు లేకుండా కూర్చోనిచ్చారు, ఓటు తర్వాతెప్పుడో వచ్చింది.

బోర్డుల వైపు నుంచి వినిపిస్తున్న అభ్యంతరాలు ముఖ్యంగా రెండు. ఇన్ని నిబంధనలు పెడితే ఊరికే పనిచేయడానికి ఎవరూ ముందుకు రారన్నది ఒకటి. చిన్న సంస్థల్లో కోరం దొరకడమే కష్టమన్న మాట నిజమే. రెండోది కాస్త బరువైనది. నివాసి బోర్డులో ఉంటే ఫీజు పెంచే తీర్మానం వచ్చినప్పుడు తన జేబు చూసుకుంటాడా, పదేళ్ళ తర్వాత భవనం మరమ్మతులకు నిధి చూస్తాడా? ఇది స్వప్రయోజనం కాదా?

అవును, స్వప్రయోజనమే. బ్యాంకులో పదవి ఉన్న ధర్మకర్త ఆసుపత్రి డిపాజిట్ల మీద నిర్ణయం తీసుకోవడం కూడా స్వప్రయోజనమే. అతన్ని గెసెల్ బయటికి పంపలేదు. సంబంధం చెప్పు, ఆ అంశం మీద ఓటు వేయకు, మిగతావన్నీ చూడు అన్నారు. మందుల సరఫరాదారుకు, భవనం కట్టిన కాంట్రాక్టరు బావమరిదికి, స్థలం ఇచ్చిన దాత కొడుకుకు ఈ వెసులుబాటు యాభై ఏళ్ళుగా దక్కుతోంది. అదే వెసులుబాటు అక్కడ ఉంటున్న మనిషికి ఎందుకు పనికిరాదో వ్యతిరేకిస్తున్న బోర్డులు ఇంతవరకు సరిగ్గా చెప్పలేదు.

ఇప్పుడు చర్చ నడుస్తున్నది చిన్నవిగా కనిపించే రెండు మూడు అంశాల మీద. ఆ ప్రతినిధిని నివాసులు ఎన్నుకోవాలా, బోర్డు ఎంపిక చేయాలా? బోర్డే ఎంపిక చేస్తే నోరు మెదపని మనిషినే తెచ్చుకుంటుందని నివాసుల భయం. సిబ్బంది జీతాలు, ఫిర్యాదుల మీద రహస్యంగా జరిగే సమావేశాల్లో ఆయన్ను ఉండనివ్వాలా? జ్ఞాపకశక్తి తగ్గిన వాళ్ళుండే చోట బంధువు కూర్చోవచ్చా, కూర్చుంటే ఎంతకాలం? ఓటు ఇవ్వడానికి ఒప్పుకున్న బోర్డులు కూడా మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయాయి.