సిరీస్‌లో హత్య కేసు వేరు, హనుమకొండ కోర్టులో హత్య కేసు వేరు: అపోహలు - వాస్తవాలు

"పాపం, ఇతన్ని ఇరికించారు" అనిపించే డాక్యుమెంటరీ సిరీస్ ఒకటి ఓటీటీలోకి వస్తే చాలు, కోర్టు క్యాంటీన్‌లో నాలుగు రోజులు అదే ముచ్చట. సెషన్స్ కేసులు నడిపే వకీళ్ల దగ్గరికొచ్చే కుటుంబాలు కూడా ఆ సిరీస్ చూసే ప్రశ్నలు అడుగుతున్నాయి. సిరీస్ నిందితుడి ముఖం చూపిస్తుంది. కేసు మాత్రం చాలాసార్లు మొదటి రెండు రోజుల కాగితాల మీద, వాటిపై వేసిన టైముల మీద తేలుతుంది.

అపోహ: పోలీసుల ముందు ఒప్పుకున్నాడంటే కేసు అయిపోయినట్టే.

అమెరికా సిరీస్‌లలో ఇంటరాగేషన్ గది వీడియోనే అసలు సాక్ష్యం. మన దగ్గర పోలీసు అధికారికి చెప్పిన నేరాంగీకారం కోర్టులో చెల్లదు. పాత ఎవిడెన్స్ యాక్ట్ 25, 26 సెక్షన్లలో ఉన్న ఈ నియమం 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 23వ సెక్షన్‌లో ఉంది. మేజిస్ట్రేట్ ముందు, ఆలోచించుకోవడానికి టైమిచ్చి, ఒప్పుకోవాల్సిన పని లేదని చెప్పి రాసుకుంటే అది వేరే సంగతి.

అయితే ఈ తలుపుకు ఒక చిన్న సందు ఉంది. నేరాంగీకార పంచనామాలో (సాక్షుల ముందు పోలీసులు రాసుకునే కాగితంలో) ఇలా రాస్తారనుకోండి: "మా పాలోన్ని నరికిన గొడ్డలిని పత్తికట్టె కుప్ప కింద దాచిన, వస్తే చూపిస్త." ఆ మాట మీద పోయి చూస్తే గొడ్డలి దొరికితే, "గొడ్డలిని పత్తికట్టె కుప్ప కింద దాచిన, వస్తే చూపిస్త" అన్నంత వరకే సాక్ష్యంలోకి వస్తుంది. "మా పాలోన్ని నరికిన" అన్నది కొట్టేయాలి. ఇది బ్రిటిష్ కాలంలో మన కేసులకు చివరి అప్పీలు కోర్టయిన ప్రివీ కౌన్సిల్ చెప్పిన మాట. ఆ కేసు మన తెలుగువాళ్లదే, పులుకూరి కొట్టయ్య కేసు. ట్రయల్‌లో పీపీ (ప్రభుత్వ వకీలు) మొత్తం పేరాను సాక్ష్యంగా మార్క్ చేయించబోతే అక్కడే లేచి అభ్యంతరం చెప్పాలి. నోరు మూసుకుంటే జడ్జి చదివేది మొత్తం పేరానే.

దొరికిన గొడ్డలి విలువెంత అన్నది ఆ తర్వాతి ప్రశ్న. కుప్ప ఉన్నది నలుగురూ తిరిగే బాట పక్కనా, నిందితుడి దొడ్డిలోనా? పంచులు, అంటే పంచనామా సాక్షులు, అదే ఊరివాళ్లా, ప్రతి కేసులో కనిపించేవాళ్లా? చీటీ మీద సంతకాలు, సీలు ఉన్నాయా? కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం (బీఎన్ఎస్ఎస్) కింద సోదా, జప్తు వీడియో తీసి ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. ఆ వీడియో కాపీ అడగని డిఫెన్స్ సగం పని వదిలేసినట్టే.

అపోహ: ఎఫ్ఐఆర్ ఎప్పుడు ఇచ్చినా ఒకటే.

ఎఫ్ఐఆర్‌లో చాలామంది కథ చదువుతారు. అనుభవమున్న వకీలు ముందు దాని మీద మేజిస్ట్రేట్ వేసిన సంతకం, దాని కింది టైము చూస్తాడు. ఫిర్యాదు పొద్దున 7 గంటలకు, మేజిస్ట్రేటుకు అందింది రాత్రి 10కి, మధ్య దూరం ఆరు కిలోమీటర్లు అనుకోండి. ఆ పదిహేను గంటల్లో ఏం జరిగిందో దర్యాప్తు అధికారి చెప్పాలి. మధ్యాహ్నం రాసిన శవ పంచనామాలో ఎఫ్ఐఆర్‌కు వేసే క్రైమ్ నంబరు లేకపోతే, ఎఫ్ఐఆర్ తర్వాత తీరిగ్గా రాశారన్న అనుమానం బలపడుతుంది. అట్లని ఆలస్యం ఒక్కటే కేసును పడగొట్టదు, సమాధానం లేని ఆలస్యమే పడగొడుతుంది. శవ పంచనామాలో నిందితుడి పేరు లేదని గంతులేయడం కూడా తొందరే. దాని పని మరణ కారణం చూడటం.

అపోహ: డాక్టర్ చావు టైమును నిమిషాలతో సహా చెప్తాడు.

సిరీస్‌లో అలాగే చెప్తారు. శవం చల్లబడే లెక్క బయటి గాలి ఒంటికన్నా చల్లగా ఉంటేనే పనిచేస్తుంది. రామగుండంలో, వరంగల్‌లో మే నెల మధ్యాహ్నం 44 డిగ్రీలుంటే, 37 డిగ్రీల ఒళ్లు చల్లబడేదెట్ల? అప్పుడు మిగిలేది ఒళ్లు బిగుసుకోవడం, కుళ్లడం, పురుగులు. ఎండాకాలం బిగువు త్వరగా వచ్చి త్వరగా సడలుతుంది, ఒక్క రోజులోనే కుళ్లు మొదలవుతుంది. అందుకే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి మార్చురీ నుంచి వచ్చే నివేదికలో టైము గంటల పరిధిగానే ఉంటుంది. "చివరిసారి ఇతనితోనే కనిపించాడు" అన్న సాక్ష్యానికి ఆ పరిధే ప్రాణం. కనిపించిన టైముకూ చావుకూ మధ్య మూడో మనిషి వచ్చేంత ఎడం ఉంటే ఆ సాక్ష్యం పలచబడుతుంది.

అపోహ: రక్తం మరక, డీఎన్ఏ కలిస్తే ఇంక మాట్లాడేదేం లేదు.

సమ్మక్క మొక్కుకు మేకను కోసిన కత్తి మీదా రక్తం ఉంటుంది. ల్యాబ్ ముందు అది మనిషిదా కాదా తేల్చాలి, తర్వాత ఎవరిదో. "మనిషి రక్తమే, గ్రూపు తేలలేదు" అని నివేదిక వస్తే, మరక ఎవరిదో తేలలేదనే అర్థం. బట్టలు తడిగా ఉండగానే ప్లాస్టిక్ కవర్లో కట్టేస్తే బూజు పట్టి నమూనా చెడుతుంది. నీడలో ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టి సీలు వేయాలి. ఇక భార్య హత్య కేసులో భర్త డీఎన్ఏ ఇంట్లో దొరికిందని గొప్పగా చెప్తే, దొరక్కపోతేనే వింత.

అపోహ: సీసీ కెమెరా అబద్ధం చెప్పదు.

కెమెరా చెప్పదు, దాని రికార్డింగు దాచే పెట్టె, డీవీఆర్, అందులోని గడియారం చెప్తుంది. కిరాణా షాపు డీవీఆర్ ఇరవై నిమిషాలు ముందుకో వెనక్కో నడవడం మామూలే. జప్తు చేసేటప్పుడు దాని టైము, ఫోన్ టైము పక్కపక్కన రాయకపోతే తర్వాత సరిచేయలేం. డిస్కు సైజును బట్టి పదిహేను, ముప్పై రోజుల్లో పాత రికార్డింగు చెరిగిపోతుంది. నిందితుడు వేరే చోట ఉన్నాడని చూపే ఫుటేజీ కావాలంటే మొదటి వారంలోనే భద్రపరచమని కోర్టులో పిటిషన్ వేయాలి. పెన్‌డ్రైవ్‌లో కాపీ ఇస్తే హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి అంకెతో) కూడిన సర్టిఫికెట్ ఉండాలి. టవర్ లొకేషన్ ఫోన్ ఏ టవర్ పరిధిలో ఉందో చెప్తుంది, ఏ గదిలో ఉందో చెప్పదు. పల్లెల్లో ఆ పరిధి కిలోమీటర్లలో ఉంటుంది.

ఇంకొన్ని, గబగబా.

జ్యూరీ మన దగ్గర లేదు, తీర్పు జడ్జిదే. హత్య కేసులో శిక్ష బేరం (నేరం ఒప్పుకొని శిక్ష తగ్గించుకోవడం) లేదు, ఏడేళ్లకు మించిన శిక్షలున్న నేరాలకు అది వర్తించదు. 90 రోజుల్లో చార్జిషీటు పడకపోతే వచ్చేది బెయిలే, కేసు కొట్టివేత కాదు. సాక్షి హాస్టైల్ అయితే (ముందు చెప్పిన మాట మారిస్తే) అతని మాటంతా చెత్తబుట్టలోకి పోదు, నమ్మదగినంత వరకు కోర్టు తీసుకోవచ్చు.

అపోహ: తప్పుడు శిక్షలు సిరీస్‌లలోనే, ఇక్కడ కాదు.

విజయవాడ హాస్టల్‌లో 2007లో జరిగిన విద్యార్థిని హత్య గుర్తుందా? 2008లో ఒక యువకుడిని అరెస్టు చేశారు, 2010లో జీవిత ఖైదు పడింది. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషిగా వదిలేసింది. అప్పటికి ఎనిమిదేళ్లు దాటాయి. తర్వాతి ఏడాది హైకోర్టే మళ్లీ దర్యాప్తు చేయమని సీబీఐకి అప్పగించింది.

అపోహ: డబ్బున్నవాళ్లకే వకీలు.

కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో పని లేకుండా, ఉచిత న్యాయ సహాయం హక్కు. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ చెప్పేది అదే. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు కుటుంబం దరఖాస్తు పెట్టవచ్చు, జైలు నుంచి నిందితుడే పంపవచ్చు, లేదా 15100కు ఫోన్ చేయవచ్చు. రిమాండ్ రిపోర్టు, ఎఫ్ఐఆర్ కాపీ చేతిలో పెట్టుకొని వెళ్తే మొదటి రోజే పని మొదలవుతుంది.