వైరల్ లోడ్ కనిపించకపోతే హెచ్‌ఐవీ పోయినట్టేనా?

ఒంట్లో దాక్కున్న హెచ్‌ఐవీని తొలగించే మార్గాల మీద క్లినికల్ ట్రయల్స్ చేసే డాక్టర్‌ని. చికిత్సలో ఉన్నవాళ్ల దగ్గర తరచూ వినే మాటలివి.

అపోహ: రిపోర్టులో వైరస్ కనిపించలేదు కాబట్టి మందులు ఆపేయొచ్చు.

వాస్తవం: ఆ వైరల్ లోడ్ పరీక్ష రక్తంలో తిరిగే వైరస్‌నే లెక్కపెడుతుంది. హెచ్‌ఐవీ మాత్రం రోగనిరోధక వ్యవస్థకు చెందిన సీడీ4 కణాల డీఎన్‌ఏలోనే కలిసిపోతుంది. వాటిలో కొన్ని విశ్రాంతి దశలోకి వెళ్లి ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి. ఏఆర్‌టీ మందులు, అంటే హెచ్‌ఐవీకి రోజూ వాడే మందులు, వైరస్‌ను కొత్త కణాల్లోకి పోనివ్వవు కానీ, ఇలా నిద్రపోతున్నదాన్ని ఏమీ చేయలేవు. మందు ఆపితే చాలామందిలో రెండు మూడు వారాల్లోనే వైరస్ తిరిగొస్తుంది. అలాగని రిపోర్టు చూసి టెన్షన్ పడకండి. మందులు వాడుతూ వైరస్ కనిపించని స్థాయిలో ఉన్నంతకాలం లైంగికంగా భాగస్వామికి సోకదు. ఇది చిన్న విజయం కాదు.

అపోహ: చాలా ఏళ్లు మందులు వాడితే ఒంట్లో దాక్కున్న ఆ వైరస్ నిల్వ తనంతట తనే ఖాళీ అవుతుంది.

వాస్తవం: అది సగానికి తగ్గడానికే దాదాపు 44 నెలలు పడుతుందని, పూర్తిగా పోవాలంటే 70 ఏళ్లు దాటుతుందని పరిశోధకులు లెక్కగట్టారు. పైగా ఆ కణాలు విభజన చెందుతూ తమలో ఉన్న వైరస్‌కి కూడా నకళ్లు తీస్తాయి. అమెరికాలోని మిసిసిపీలో 2010లో పుట్టిన ఒక పాపకు 30 గంటల వయసులోనే చికిత్స మొదలైంది. మధ్యలో మందులు ఆగినా 27 నెలలపాటు వైరస్ జాడ లేదు. 2014లో మళ్లీ బయటపడింది. ఆ వార్త మా రంగంలో అందరినీ బాధపెట్టింది.

అపోహ: వైరస్‌ను నిద్రలేపి చంపే మందు వచ్చేసింది.

వాస్తవం: లేపడం ఒక ఎత్తు, చంపడం ఇంకో ఎత్తు. వోరినోస్టాట్ అనే క్యాన్సర్ మందు వైరస్‌ను కదిలించగలదు. దానికి వ్యాక్సిన్ కూడా జోడించి బ్రిటన్‌లో చేసిన రివర్ ట్రయల్ ఫలితాలు 2020లో ప్రచురితమయ్యాయి. ఏఆర్‌టీ ఒక్కటే వాడినవాళ్లతో పోలిస్తే నిల్వ తగ్గలేదు.

అపోహ: మూలకణాల మార్పిడితో ఎవరికైనా నయమవుతుంది.

వాస్తవం: హెచ్‌ఐవీ నుంచి నయమైన మొదటి వ్యక్తి తిమోతీ రే బ్రౌన్‌కి ఆ మార్పిడి చేసింది ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ కోసం. ప్రాణాపాయం ఉన్న ఆ చికిత్సను కేవలం హెచ్‌ఐవీ కోసం ఎవరూ చేయరు.

అపోహ: ట్రయల్‌లో డాక్టర్లే మందులు ఆపిస్తారు, ఇంట్లో ఆపితే తప్పేంటి?

వాస్తవం: మేం ఆపినప్పుడు వెంటవెంటనే రక్తపరీక్షలు చేస్తాం, వైరస్ పెరిగితే మళ్లీ మందులు మొదలుపెడతాం. సొంతంగా ఆపితే ఆ కాపలా ఉండదు. అందుకే ట్రయల్‌లో చేరేముందు మూడు విషయాలు తప్పకుండా అడగండి: పరీక్షలు ఎన్నాళ్లకోసారి చేస్తారు, వైరస్ ఏ స్థాయికి చేరితే మందులు మళ్లీ ఇస్తారు, ఆపిన రోజుల్లో మీ భాగస్వామికి రక్షణ ఏమిటి.